టేపు ముక్కకు కథ చెప్పమన్న రోజు

ఆ కొరియా సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. తెలుగు మాటలతో కూడా వచ్చింది కాబట్టి మా కడపలో కాలేజీ పిల్లలు సైతం దాని గురించి మాట్లాడుకుంటున్నారు. అందులో ఒక ముసలాయన దుబాయ్‌లో కూలీలుండే గదిలో ఇనుప మంచం మీద కూర్చుని, ఎదురుగా ఉన్న కొడుక్కి తన పాత సంగతి చెబుతాడు. తెర నిండా ఆయన ముఖం తప్ప ఇంకేమీ ఉండదు. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగి, ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి, అప్పుడు మిగతాది చెబుతాడు. అక్కడే ఏడుపొచ్చిందని అందరూ అంటారు.

ఆయన చూస్తున్నది కొడుకు వేషం కట్టిన హీరోని అని మీరు అనుకుంటున్నారు. హీరో కూడా ఊరూరా అదే చెప్పుకున్నాడు. "ఆయన షాట్ తీస్తున్నంతసేపూ నేను కెమెరా పక్కనే కూర్చుని ఏడుస్తూ ఉన్నాను" అన్నాడు. ఆ ముక్క గుర్తొచ్చినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. బీపీ మాత్ర వేసుకుని మరీ ఇది రాయడానికి కూర్చున్నాను. హీరో అక్కడ లేడు. బయట ఏసీ బండిలో ఉన్నాడు. ఆ బండి అద్దానికి ఎండ తగలకుండా గుడ్డ కట్టింది నేనే.

నేను డ్రైవర్ని. దుబాయ్‌లో షూటింగులకు బండ్లు, మనుషులు, అనుమతులు సమకూర్చే ఒక కంపెనీలో రిటైరయ్యేదాకా వ్యాన్ నడిపాను. సినిమా అంటే మీకు తెర మీద కనిపించేది. మాకు కనిపించేది వేరే. ఎవరికి ముందు అన్నం పెడతారు, ఎవరికి నీడ వేస్తారు, ఎవరి కోసం ఎవరు ఆగుతారు, ఇది చూస్తే చాలు, ఆ యూనిట్లో మనిషికి ఎంత విలువుందో డ్రైవరుకి మొదటి పూటే తెలిసిపోతుంది. మన దేశం, పరదేశం అని తేడా లేదు, ఈ రోగం అన్ని సినిమాలకూ ఉంది.

కరోనాతో ఆగిపోయిన షూటింగులు మళ్ళీ మొదలైన రోజుల్లో ఆ కొరియా యూనిట్ వచ్చింది. హీరోకి నల్లటి పెద్ద కారు, దాని వెనక ఇంకో కారు. పెద్దాయనకి నా వ్యాను. అందులో వెనక సగం బట్టల పెట్టెలు. హీరోకి తండ్రి వేషం వేసే మనిషిని బట్టల పెట్టెలతో కలిపి పంపిస్తారా అని అడిగితే మా ముదీర్, అంటే మేనేజరు, "ఆయన పెద్ద ఆర్టిస్టు కాదులే" అన్నాడు. ముదీర్ ఏ రాష్ట్రం వాడో చెప్పను. చెబితే ఆ రాష్ట్రం వాళ్ళంతా నా మీదికి వస్తారు.

ఎయిర్‌పోర్టులో మొదటిసారి చూసినప్పుడు ఆయన తిన్నగా వచ్చి ముందు సీట్లో, నా పక్కన కూర్చున్నాడు. బక్కపలచటి మనిషి, డెబ్బైకి దగ్గర పడిన వయసు, తెల్లటి పొట్టి జుట్టు. నేను వెనక్కి వెళ్ళమన్నట్టు చెయ్యి చూపించాను. ఆయన బెల్టు పెట్టుకుని నా భుజం తట్టి, "సదీక్, యల్లా!" అన్నాడు. నేను బిత్తరపోయాను. సదీక్ అంటే ఇక్కడి అరబీలో స్నేహితుడు, యల్లా అంటే పద. పనిచోట పేరు తెలియని వాళ్ళందరం ఒకరినొకరు పిలుచుకునే మాట అదే. దిగీ దిగకముందే ఈ కొరియా ముసలాయనకి అదెలా వచ్చిందో అర్థం కాలేదు.

ఆ సంగతి యూనిట్ వాళ్ళ మాటలు తర్జుమా చేసే దుబాషీ అమ్మాయి చెప్పింది. ఆమె కొరియా పిల్లే గాని అబుదాబిలో పెరిగింది. బడిలో మన పిల్లలతో కలిసి చదువుకున్నందువల్ల హిందీ బాగా మాట్లాడేది. నన్ను అంకుల్ అనేది. "అంకుల్, ఈయన కుర్రతనంలో గల్ఫ్‌లో కూలి పని చేశారు" అంది. ఒకప్పుడు కొరియా వాళ్ళు కూడా మనలాగే ఇటువైపు వలస వచ్చేవారట. రోడ్లు, ఓడరేవులు కట్టడానికి వేలకొద్దీ మనుషులు. పెద్దాయన ఎడారిలో కడ్డీలు కట్టే పని చేశాడు. యల్లా, ఖలాస్, సదీక్, ఆ కాలంలో నేర్చుకున్న మాటలు నలభై ఏళ్ళుగా నాలుక కింద దాచుకుని వచ్చాడు.

హోటల్ నుంచి లొకేషన్‌కి రోజూ గంటకు పైగా ప్రయాణం. దారిలో ఆయన చెప్పేవాడు, వెనక బట్టల పెట్టెల మధ్య కూర్చున్న ఆ పిల్ల హిందీలో నాకు చెప్పేది. అలా ఆయన జీవితం ముక్కలు ముక్కలుగా నాకు చేరింది.

క్యాంపులో సెలవు పూట కొరియా కూలీలు సరదాగా నాటకాలు ఆడేవారట. ఈయన నూనె డబ్బా మీద దరువు వేసేవాడు. దేశానికి తిరిగి వెళ్ళాక ఊరికే ఉండలేక ఒక నాటకాల గుంపులో చేరాడు. స్టేజీ ఊడ్చాడు, తెరలు లాగాడు. వాళ్ళ దేశంలో విసనకర్ర పట్టుకుని నిలబడి గంటల తరబడి కథ పాడే పద్ధతి ఒకటుంది. పాడే మనిషి పక్కన ఒకరు కింద కూర్చుని డోలు కొడతారు. కొన్నేళ్ళు ఆ డోలు కొట్టాడు. చలికాలంలో చేపల మార్కెట్లో ఐసు గడ్డలు మోశాడు. యాభై దాటాక మొదటిసారి సినిమాలో కనిపించాడు. ఏ వేషమని అడిగాను. "శవం" అన్నాడు. గడ్డకట్టే నీళ్ళలో వణక్కుండా పడుకోగలిగాడు కాబట్టి డైరెక్టరుకి నచ్చాడట. ఆ తర్వాత బస్సు డ్రైవరు, చేపలవాడు, కోర్టులో సాక్షి. అరవై దాటాక ఒక సీరియల్లో లిఫ్టు దగ్గర కూర్చుని అందరి కష్టాలూ వినే ముసలివాడి వేషం దొరికింది. మాటలు దాదాపు లేవు. దానితోనే దేశమంతా గుర్తుపట్టింది. "ఇప్పుడు కూరగాయలకి వెళ్తే గుమ్మడికాయ ఊరికే ఇస్తున్నారు" అని నవ్వాడు. ఆయన భార్య మంగలి పని చేస్తుంది. ఆయన సినిమాలు ఆమె చూసేది జుట్టు సరిగా కత్తిరించానా లేదా అని తెలుసుకోవడానికేనట.

ఒకరోజు ఆయన అన్న మాట నాకు మనసులో నిలిచిపోయింది. "నన్ను అందరూ పిలిచేది బాగా వింటానని. హీరోలు మాట్లాడతారు, నేను వింటాను. ఇన్నేళ్ళలో ఈ సినిమాలోనే మొదటిసారి నేను చెబుతాను, ఇంకొకరు వింటారు." ఆ సీను మాటలు ఆయన కారులో తనలో తాను చదువుకుంటూ ఉండేవాడు. ఎర్ర సిగ్నల్ దగ్గర బండి ఆపితే ఆయన పెదాలు కదులుతూ కనిపించేవి.

ఆ సీను తీసింది అల్ కుసైస్‌లో, ఖాళీగా పడి ఉన్న ఒక పాత లేబర్ బిల్డింగ్‌లో. అక్కడ అనుమతి ఆ ఒక్కరోజుకే, సాయంత్రం చీకటి పడేదాకానే. గది నిండా ఇనుప మంచాలు వేసి, వాటి మీద కూర్చోవడానికి నిజం కూలీలనే పిలిచారు. సెలవు రోజు కదా, పాతికమంది దాకా వచ్చారు. పెద్దాయనని దింపాక కంపెనీ బస్సులో వాళ్ళని తెచ్చింది కూడా నేనే. ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్ వైపు పల్లెల వాళ్ళు.

వాళ్ళని చూసి మేకప్ వాళ్ళు తల పట్టుకున్నారు. ఒక్కడూ కూలీలా లేడు! సినిమా వాళ్ళు పిలిచారు, ఫోటో పడుతుంది, ఇంటి దగ్గర చూస్తారు. తెల్ల చొక్కాలు, మడత నలగని ఇస్త్రీ, తలకు రంగు, ముఖానికి పౌడరు. పెళ్ళిచూపులకి వచ్చినట్టు వచ్చారు. మేకప్ పిల్ల మసి నీళ్ళు నింపిన పిచికారీ పట్టుకుని వాళ్ళ చొక్కాల మీద కొట్టుకుంటూ పోయింది. ఎవరినీ ఒక మాట అడగలేదు. టైల్స్ పని చేసే ఒకాయన, యాభై ఐదు పైబడిన మనిషి, తన చొక్కా వంక చూసుకుని నాతో అన్నాడు.

"గిదేం పని భాయ్? పొద్దుగాల లేసి ఇస్త్రీ జేసుకున్న. కూలోళ్ళం కూలోళ్ళ లెక్కనే కనవడాల్నా? ఒక్కరోజు మనుషుల లెక్క కనవడితె వీళ్ళ సొమ్మేం బోతది?"

నాకూ కడుపు మండింది. కాని నేను డ్రైవర్ని, ఏం చేయగలను? "కూచో అన్నా, అయిపోతాదిలే" అన్నాను. ఈ టైల్స్ అన్నని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు షూటింగ్ సంగతి ఒకటి చెప్పాలి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే సీనుని రెండుసార్లు తీస్తారు. ఒకసారి కెమెరా ఒకరి ముఖం మీద, ఇంకోసారి రెండోవారి ముఖం మీద. ఒకరి ముఖం తీస్తున్నప్పుడు రెండోవారు తెరకి కనబడకపోయినా కెమెరా పక్కన కూర్చుని మాటలు చెప్పాలి, చూడాలి. ఎవరూ కాగితం మీద రాయలేదు, కాని అది నటులు ఒకరికొకరు ఇచ్చుకునే మర్యాద. ఎదుట మనిషి లేకపోతే ఎవరి ముఖంలో భావం పలుకుతుంది?

పొద్దున హీరో ముఖం తీశారు. పెద్దాయన కెమెరా పక్కన పీట మీద కూర్చుని, ఆ కథంతా మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. హీరోకి కన్నీళ్ళు రాలేదు. మళ్ళీ చెప్పాడు. హీరో ఫోన్ మోగింది. మళ్ళీ చెప్పాడు. తెర మీద ఒక్క గోరు కూడా కనబడని మనిషి ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాడు. నేను తలుపు దగ్గర ఆయన ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. వేయించిన బార్లీతో కాచిన నీళ్ళు తప్ప ఆయన పనిలో ఇంకేమీ తాగడు. మూడోసారి అయ్యాక ఆ నీళ్ళు పోసిస్తే గుక్క తిప్పుకోకుండా తాగేశాడు.

భోజనాలయ్యాక కెమెరా తిప్పారు. ఇక పెద్దాయన వంతు. ఆయన మంచం మీద కూర్చుని చొక్కా సర్దుకుని ఎదురుగా చూశాడు. పీట ఖాళీగా ఉంది. హీరోకి తలనొప్పి అని అతని సొంత మేనేజరు వచ్చి చెప్పాడు. తలనొప్పి కాదు, నాకు తెలుసు. బండిలో ఒక గడియారాల కంపెనీ కోసం ఫోటోలు దిగుతున్నాడు. ఆ కంపెనీ వాళ్ళని గేటు నుంచి బండి దాకా తీసుకెళ్ళింది కూడా నేనే.

పెద్దాయన చాలా మెల్లగా, హీరో వచ్చేదాకా ఆగుదామా అని అడిగాడు. డైరెక్టరు నలభై లోపు మనిషి. చెడ్డవాడేం కాదు, కాని హీరో మేనేజరు ముందు నోట్లో నాలుక లేనట్టు ఉండేవాడు. ఆగడానికి టైము లేదన్నాడు. ఒక లైటు స్టాండు తెచ్చి హీరో తల ఎత్తుకి పెంచి, దాని మీద నీలం టేపు రెండు ముక్కలు అడ్డంగా అంటించారు. అదే కొడుకు. దాని వంక చూసి కథ చెప్పాలి. హీరో మాటలు చదవడానికి ఒక అసిస్టెంటుని పెట్టారు. అతను మా ముదీర్ హాజరు పిలిచినట్టు చదివాడు.

ఒకసారి తీశారు, కుదరలేదు. రెండోసారీ కుదరలేదు. పెద్దాయన కళ్ళు టేపు మీద నిలవడం లేదు. చెప్పేవాడు చెప్పినట్టే ఉంది గాని చెరువులో రాయి వేస్తే చప్పుడు రానట్టుగా ఉంది. పొద్దుటి మనిషి కాదు. నాకే చూడబుద్ధి కాలేదు.

మూడోసారి ఆయన కళ్ళు మూసుకుని, కాసేపు ఊపిరి పట్టి, మొదలుపెట్టాడు. ఈసారి గొంతు వేరేగా ఉంది. మొదటి వాక్యం చెప్పి ఆగాడు. అప్పుడు కెమెరా వెనక మంచం మీదనుంచి స్పష్టంగా వినబడింది:

"ఊఁ!"

మన టైల్స్ అన్న. సౌండు మనిషి చెవులకున్నవి పీకేశాడు. కట్ అన్నారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. నోరు మూసుకుని కూర్చోమని నాలుగు భాషల్లో చెప్పారు. టైల్స్ అన్న నాలుక కరుచుకుని తల ఊపాడు. మళ్ళీ మొదలుపెట్టారు. పెద్దాయన మొదటి వాక్యం దాటాడు, రెండోది దాటాడు, గొంతు పైకి లేచి ఆగింది.

"అహా... అటెన్క?" ఆ తర్వాత ఏమైందని అడుగుతున్నాడు మన టైల్స్ అన్న.

ఇక మా ముదీర్ ఊగిపోయాడు. కాలరు పట్టుకుని టైల్స్ అన్నని మంచం మీదినుంచి లాగాడు. అంత వయసు మనిషిని, అందరి ముందు. బయటికి తోసి నాతో అన్నాడు, "ఈ పాగల్‌ని తీసుకెళ్ళి మెయిన్ రోడ్డు మీద వదిలేసి రా. అభీ!" ఎండ నిప్పులు చెరుగుతోంది. రోడ్డు మీద నీడ లేదు, అతని క్యాంపు ఎక్కడో ఉంది. నా ఒళ్ళు మండిపోయింది. బస్సు ఎక్కించి, ఏసీ వేసి, బిల్డింగు వెనకకి తీసుకెళ్ళి ఆపాను. ఫోన్లో "సాబ్, గాడీ స్టార్ట్ కావడం లేదు" అన్నాను. ఏసీ హోరు ఫోన్లో వినబడుతూనే ఉండి ఉంటుంది. వినబడనీ అనుకున్నాను.

"ఎందుకన్నా అట్ల అరిచినావు? చెప్పినారు గదా సప్పుడు సేయద్దని!" అన్నాను.

"నేనేడ అరిచిన భాయ్? ఊ అన్న గంతే." ఆయనకి ఇంకా కాలరు దగ్గర ఎర్రగా ఉంది. "ఆయిన కథ జెప్తుండు. ఎదురుంగ మనిషే లేడాయె. గా ఇనుప కర్రకు టేపు అంటిచ్చి దానికి జెప్పుమంటున్రు. కథ జెప్పెటోనికి ఊ కొట్టెటోడు లేకుంటె దమ్ము ఎట్ల ఎల్తది? మా ఊళ్లె ఒగ్గుకథల నేను వంత. మా బాపు కథ జెప్పేది, నేను ఊ కొట్టేది. చిన్నప్పటి సంది అదే పని. ఆయిన ఆగంగనే నా నోరు ఊకోలే."

నాది కడప. ఒగ్గుకథ నేను చూడలేదు. అప్పుడే తెలిసింది, డోలు చప్పుళ్ళతో దేవుళ్ళ కథలు చెప్పే ఆ పద్ధతిలో కథకుడి పక్కన వంత ఉంటాడని, "రాజు అడివికి పాయె" అంటే "పాయె!" అంటాడని, అతను అనేదాకా కథకుడు ముందుకి కదలడని. జనం డబ్బులూ దండాలూ కథకుడికే ఇస్తారట. వంత మనిషి ఎవరో ఎవరికీ గుర్తుండదట.

ఇంతలో దుబాషీ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. లోపల పరిస్థితి బాగాలేదు. పెద్దాయన ఇంకోసారి ప్రయత్నించినా రాలేదు. వెలుగు తగ్గుతోంది. హీరో మేనేజరు ఒక ఉపాయం చెప్పాడట. పెద్దాయన ముఖం వద్దు, పొద్దున తీసిన హీరో ముఖం మీదే పెద్దాయన గొంతు వేస్తే సరిపోతుంది. డైరెక్టరు సరే అనబోతున్నాడు. అంటే తన జీవితంలో మొదటిసారి తాను చెప్పే సీనులో తన ముఖమే ఉండదు. అందులో కూడా హీరో వింటూ కనబడతాడు. శవం వేషంలోనైనా ఆయన ముఖం తెర మీద ఉంది! నేను స్టీరింగు మీద గుద్దాను.

ఆ పిల్ల వెనకే పెద్దాయన వచ్చాడు. మేకప్ ముఖంతో బస్సు మెట్లెక్కి, టైల్స్ అన్న పక్కన కూర్చున్నాడు. ఆయనకి కోపం వచ్చిందేమో అనుకుని టైల్స్ అన్న లేచి చేతులు జోడించాడు. "తప్పయింది పెద్దయ్యా. నీ పని ఖరావు జేసిన."

పెద్దాయన అతన్ని కూర్చోబెట్టి, ఆ పిల్ల చేత ఒకే ప్రశ్న అడిగించాడు. "ఆ చోటనే ఎందుకు అన్నావు?"

టైల్స్ అన్నకి ఆ ప్రశ్నే వింతగా అనిపించింది. "గాడ ఆయిన ఊపిరి పైకి తీసిండు, దించలే. దించనిస్తె కథ ఆడనే వడిపోతది. నువ్వు పట్టుకోవాలె గద."

నేను దాన్ని హిందీ చేస్తే ఆ పిల్ల కొరియా భాషలో చెప్పింది. పెద్దాయన తొడ చరుచుకున్నాడు. తను కొట్టిన డోలు సంగతి చెప్పాడు. అక్కడ కూడా డోలు కొట్టేవాడు పాడే మనిషికి మధ్యమధ్య మాట అందించాలట. ఎలా అంటారో చూపిస్తూ బస్సు సీటు మీద దరువు వేసి, "ఒల్సూ!" అన్నాడు. టైల్స్ అన్న కళ్ళు మెరిశాయి. తనూ సీటు మీద ఒక దెబ్బ వేసి "ఆఁ, గట్ల జెప్పు!" అన్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ ఇద్దరూ అలా ఒకరికొకరు అందించుకుంటూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. నేను, ఆ పిల్లా నోరు తెరుచుకుని చూస్తున్నాం.

తర్వాత పెద్దాయన టైల్స్ అన్న చెయ్యి పట్టుకుని దిగాడు. అలాగే పట్టుకుని లోపలికి నడిచాడు. ముదీర్ అడ్డం వస్తే ఆగలేదు, ఇక చాలన్నట్టు "ఖలాస్!" అన్నాడు. ఆ మాట అంత గట్టిగా ఆయన నోట వస్తుందని నేను అనుకోలేదు. లైటు స్టాండుని పక్కకి జరిపి, ఖాళీ పీట మీద టైల్స్ అన్నని కూర్చోబెట్టి, డైరెక్టరు వైపు తిరిగి మాట్లాడాడు. గొంతు పెంచలేదు గాని గదిలో ఒక్కరూ కదల్లేదు. ఆ పిల్ల నా చెవిలో చెప్పింది. "నలభై ఏళ్ళు వాళ్ళూ వీళ్ళూ చెబుతుంటే నేను విన్నాను. ఇవాళ ఒక్కసారి నేను చెబుతాను. నాకు వినే మనిషి కావాలి. ఆ స్టాండుకి చెవులు లేవు."

సౌండు మనిషి ఒప్పుకోలేదు. ఈయన మళ్ళీ అరుస్తాడన్నాడు. టైల్స్ అన్నకి సంగతి చెప్పాను, నోరు విప్పకుండా వినాలని.

"నోరు మూసుకోని ఊ కొట్టాల్నా?" అన్నాడు. అరచెయ్యి తొడ మీద పెట్టుకుని, గడ్డం కొద్దిగా పైకెత్తి చూశాడు. "సరె. కొడత."

డైరెక్టరు గడియారం చూసుకుని, ఒక్కసారి అన్నాడు.

ఆ ఒక్కసారే మీరు సినిమాలో చూసింది. కథేమిటో మీకు తెలుసు. పక్క మంచం స్నేహితుడు పొద్దున ఒంట్లో బాగాలేదని ఏదో చెప్పబోతే, పనికి టైమైందని ఈ ముసలాయన వినకుండా వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి ఆ మంచం ఖాళీగా ఉంది. పెద్దాయన చెబుతున్నాడు. వాక్యం చివర ఊపిరి పైకి లేచినప్పుడల్లా టైల్స్ అన్న గడ్డం లేస్తోంది, అరచెయ్యి తొడ మీద గట్టిగా నొక్కుకుంటోంది, శబ్దం లేదు. మాట అర్థం కాని మనిషి ఒక్కచోట కూడా తప్పలేదు. అరవై ఏళ్ళు నిండుతున్న నేను గోడకానుకుని ఏడ్చాను. పెద్దాయన చివరికి చెప్పడం ఆపి, ఎదుటి కళ్ళలోకి చూశాడు. టైల్స్ అన్న కళ్ళు ధారలు కట్టాయి, పెదాలు బిగపట్టుకున్నాడు. అప్పుడు పెద్దాయన ఆ మిగిలిన ఒక్క వాక్యం చెప్పాడు.

కట్ అనడమే ఆలస్యం, టైల్స్ అన్న అప్పటిదాకా మింగినవన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. "అయ్యో! అయ్యయ్యో! ఎంత పనాయె పెద్దయ్యా! ఆ పిలగాడు మల్ల కనవడలేదా?" అని గదంతా దద్దరిల్లేలా అరిచాడు.

"నీకెట్ల అర్థమయిందన్నా?" అన్నాను.

"ఆఖరికి మంచం దిక్కు జూసిండు గద భాయ్" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

సౌండు మనిషి కూడా చప్పట్లు కొట్టాడు. అప్పుడు తలుపు తీసుకుని హీరో వచ్చాడు. అయిపోయిందని చెబితే, మంచిది అని తను కూడా చప్పట్లు కొట్టి, పెద్దాయనతో ఫోటో దిగాడు. ఫోటోకి అడ్డంగా ఉన్నాడని టైల్స్ అన్నని పీట మీదినుంచి లేపారు. ఎవరూ అతని పేరు అడగలేదు. మసి చొక్కాతోనే బస్సెక్కాడు. నన్ను మర్నాటి నుంచి ఎయిర్‌పోర్టు డ్యూటీకి మార్చారు. స్టార్ట్ కాని బండిలో ఏసీ ఎలా నడిచిందని ముదీర్ అడగలేదు, నేను చెప్పలేదు. పెద్దాయన వెళ్ళిపోయేటప్పుడు వీడ్కోలు చెప్పే వీలు కూడా నాకు లేకుండా చేశారు.

సినిమా వచ్చింది. చివర్లో పేర్లు పడతాయి కదా, నేను ఫోన్ ఆపి ఆపి దుబాషీ పిల్ల చేత చదివించాను. హీరో జిమ్ము మాస్టరు పేరుంది. హీరో గోళ్ళు చేసే ఆవిడ పేరుంది. ఆ గదిలో కూర్చున్న కూలీల్లో ఒక్కరి పేరు లేదు. నేను ముదీర్ ఆఫీసుకి వెళ్ళి గట్టిగానే అడిగాను. "ఎక్స్‌ట్రాకి పేరేంటి?" అని నవ్వాడు. ఆ నవ్వు నేను ఇప్పటికీ మరచిపోలేదు. తర్వాత హీరో ఇంటర్వ్యూ వచ్చింది, కెమెరా పక్కన ఏడ్చానని. ఏమయ్యా, గడియారం చేతికి పెట్టుకుని ఏడ్చావా? మీరు చిన్నవాళ్ళు, తెర మీద చూసినదాన్ని నమ్ముతారు. అందుకే రాస్తున్నాను. తెర మీద కంట నీరు పెట్టించిన ప్రతి ముఖానికీ ఎదురుగా, మీకు కనబడని పీట మీద ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. అది ఎవరని అడగండి.

ఆ సినిమాకి పెద్దాయనకి కొరియాలో పెద్ద బహుమతి వచ్చింది. నేను అప్పటికి రిటైరై, అజ్మాన్‌లో మా వాళ్ళ గదిలో ఉంటూ ఇంటి ప్రయాణానికి సామాను కట్టుకుంటున్నాను. ఆదివారం కావడంతో టైల్స్ అన్న నన్ను చూడ్డానికి వచ్చాడు. మధ్యాహ్నం దుబాషీ పిల్ల మెసేజ్ పెట్టింది, "అంకుల్, బహుమతి ఇస్తున్నారు, లైవ్ వస్తోంది, ఇప్పుడే ఆన్ చేయండి" అని. ఫోన్‌ని నీళ్ళ సీసాకి ఆనించి ఇద్దరం మంచం మీద కూర్చున్నాం.

పెద్దాయన నల్ల కోటు వేసుకుని మైకు ముందుకొచ్చాడు. ఒక వాక్యం చెప్పాడు, ఆగాడు. హాలంతా చూస్తోంది. ఇంకో వాక్యం చెప్పి మళ్ళీ ఆగాడు. మాటలు మరచిపోయాడనుకుని ఎవరో సన్నగా నవ్వారు. యాంకరు సాయం చేయడానికి ఒక అడుగు ముందుకు వేసింది. పెద్దాయన ఊపిరి పైకి తీసి, దించకుండా నిలబడ్డాడు.

నాకు అర్థమయ్యేలోపే నా పక్కనుంచి "ఊఁ" అని వినబడింది. పెద్దాయన మూడో వాక్యం ఎత్తుకున్నాడు. ఆగాడు. "ఆఁ, అటెన్క?" అన్నాడు టైల్స్ అన్న. మా గదిలో మాట ఆ హాలుకి వినబడదని నాకు తెలుసు.

చివరికి పెద్దాయన మైకు దగ్గరికి వంగి ఒకే ఒక్క మాట అన్నాడు. అదొక్కటే మాకు అర్థమయింది. "సదీక్."

కెమెరా వెంటనే హీరో మీదికి తిరిగింది. అతను గుండె మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, తల వంచాడు. హాలంతా చప్పట్లు. నేను పట్టలేక బూతులు తిట్టడానికి నోరు తెరిచాను. టైల్స్ అన్న నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు.

"జర ఆగు భాయ్, ఆయిన ఇంక నిలవడే ఉండు" అని, ఫోన్ దగ్గరికి వంగాడు. "ఊఁ. ఇంటున్న. జెప్పు పెద్దయ్యా."